మండీ స్లిప్పుల పెర్ల్ స్క్రిప్టు బాగుచేయించుకున్న కథ, నాలుగు స్టార్లు

నాలుగు స్టార్లు ఇస్తాండా. ఐదోది ఎందుకు పట్టుకున్నానో మధ్యలో చెప్తా. కొంచెం పొడుగు ఉంటాది, తొందరగా ఉండేవాళ్ళకి ఒక్క ముక్క: పాత పెర్ల్ స్క్రిప్టు (పెర్ల్ అంటే ప్రోగ్రాములు రాసే ఒక భాష) సర్వర్ మీద నడవక 500 ఎర్రర్ కొడతా ఉంటే, దాన్ని పారేసి కొత్తది రాయించుకో అని అందరూ చెప్తా ఉంటే, ముందు ఈ అన్న దగ్గరికి పోండి. తిరపతి లీలామహల్ సర్కిల్ నుంచి లోపలికి వస్తే కింద జెరాక్స్ షాపు ఉంటాది, దాని పక్కన సందులో మెట్లు, పైన ఒకే రూము. బోర్డు లేదు. జెరాక్స్ షాపులో అక్కని అడిగితే చెయ్యి పైకి చూపిస్తాది అంతే.

మాది దామలచెరువు పక్కన మామిడికాయల మండీ. సీజన్లో కాయ దిగిందంటే తెల్లారకముందే ట్రాక్టర్లు లైన్ కడతాయి, బేనీషా అయిపోతానే బెంగుళూరా మొదలు, అది గుజ్జు ఫ్యాక్టరీలకు పోతాది కాబట్టి టన్నులు టన్నులు దిగతాది, కాటా దగ్గర నిలబడ్డానికి జాగా ఉండదు. 2007లో మా బామ్మర్ది తిరపతిలో చదువుకుంటా ఉన్నప్పుడు మాకు ఒక పెర్ల్ స్క్రిప్టు రాసిచ్చినాడు. కాటా దగ్గర గుమాస్తా బండి నంబరు, రైతు పేరు, కాయ రకం, బరువు కొడితే స్లిప్పు నంబరు వస్తాది, రైతు ఇంటికిపోయి ఫోన్లో ఆ నంబరు కొట్టుకుంటే బరువెంత, రేటెంత, కమీషన్, హమాలీ పోను చేతికెంత అన్నీ కనపడతాయి. చూడ్డానికి ఏమీ ఉండదు, తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి మొరాయించలా. మా రైతులకు యాప్‌లు గీప్‌లు వద్దు, ఆ లింక్ చాలు వాళ్ళకి.

ఈ సంవత్సరం జూన్లో హోస్టింగ్ వాళ్ళు, అంటే మా పేజీని వాళ్ళ సర్వర్ మీద పెట్టుకున్నోళ్ళు, పేరు చెప్పను, సర్వర్ మారుస్తాన్నామని ఒక మెయిల్ పెట్టినారు. మెయిల్ ఎవరు చూస్తారు సీజన్లో. మరుసటి రోజు పొద్దున స్లిప్పు పేజీ తెరిస్తే తెల్లగా 500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అని. గుమాస్తా పుస్తకం తీసి పెన్నుతో రాయడం మొదలుపెట్టినాడు, రైతులేమో మాకు ఫోన్లో రావడంలేదే అని ఒకటే గోల. హోస్టింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే సర్వర్ బాగానే ఉంది మీ స్క్రిప్టులోనే తప్పు అన్నారు, బామ్మర్దికి ఫోన్ చేస్తే వాడు అమెరికాలో నిద్రపోతాన్నాడు, లేచినాక చేసి బావా అది నేను చదువుకునేటప్పుడు రాసింది నాకేం గుర్తు లేదు అన్నాడు. ఊర్లో వెబ్‌సైట్లు చేసేవాళ్ళని ఇద్దర్ని అడిగితే ఒకాయన పెర్ల్ అంటే ఏంది అన్నాడు, ఇంకొకాయన 60 వేలు ఇస్తే కొత్తది చేసిస్తా, రెండు నెలలు పడతాది అన్నాడు. రెండు నెలలకి కాయ అయిపోయి చెట్లు ఖాళీగా ఉంటాయి నాయనా!

ఈలోపల ఇంట్లో ఒక మేనల్లుడు ఉండాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మామా నేను చూస్తా అని కూర్చున్నాడు. మూడు రోజులు చూసినాడు. వాడు చూసినాక కూడా అదే 500.

ఇంక నాలుగో రోజు పాకాలలో ఎరువుల షాపు ఆయన చెప్తే బండి తీసుకోని తిరపతికి వచ్చినా. ఇక్కడ ఒక మాట, బండి పెట్టుకోవడానికి సందులో జాగా లేదు, శనివారం అయితే యాత్రికుల జనంతో ఆ చుట్టుపక్కల అసలు కదలదు, బస్సుకి రావడం మేలు. మెట్లు నిటారుగా ఉండాయి, పెద్దవాళ్ళు జాగ్రత్త. పైన ఒక ఫ్యాను, రెండు మానిటర్లు, నాలుగైదు పాత సీపీయూలు విప్పి పెట్టినవి. అన్నకి యాభై పైనే ఉంటాయి. నేను కథ మొత్తం చెప్పడం మొదలుపెట్టినా, మధ్యలోనే ఆపేసి "లాగ్ యాడుంది సామీ?" అన్నాడు.

నాకు లాగ్ అంటే ఏందో తెలీదు. హోస్టింగ్ పాస్‌వర్డ్ ఇస్తే ఆయనే లోపలికి పోయి ఎర్రర్ లాగ్ అనే ఫైల్ తీసినాడు. మూడు రోజులుగా మేము కొట్టుకుంటా ఉండేది బ్రౌజర్లో ఆ 500 చూసుకుంటా, రీఫ్రెష్ కొట్టుకుంటా. కారణం మాత్రం సర్వర్ ప్రతిసారీ ఇట్లాంటి లాగ్ ఫైళ్ళలో రాసిపెడతానే ఉంది, టైంతో సహా. 500 అంటే ఏదో అయ్యింది అని మాత్రమే అర్థమంట, ఏమయ్యిందో బయటోళ్ళకి చెప్పకూడదని సర్వర్ లోపల రాసుకుంటాదంట. మళ్ళీ అందులో కూడా ఒక మెలిక ఉంది. స్క్రిప్టు ఏమీ పంపకముందే ఏ కారణంతో పడిపోయినా చివర్న ఒకే లైన్ వస్తాది, అపాచీ అనే వెబ్ సర్వర్ పాతదాంట్లో అయితే ప్రీమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్ అని, 2.4లో అయితే ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్ అని. జనమంతా దాన్ని పట్టుకోని గూగుల్లో వెతుకుతారంట. అన్న చెప్పినాడు, అది చావు కబురు, ఎందుకు చచ్చిందో దాని పైన లైన్లో ఉంటాది, పైకి చదువు అని.

మా దానికి ఆ పైన లైన్ కూడా లేదు. ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ మాత్రమే ఉంది. అప్పుడు ఆయన సూఎగ్జెక్ లాగ్ తీసినాడు, అది వేరే ఫైల్ అంట, అన్ని హోస్టింగుల్లో చూడనివ్వరంట, మా దాంట్లో కనపడింది మా అదృష్టం. అందులో ఉండాది, ఫైల్ ఈజ్ రైటబుల్ బై అదర్స్. అన్న నా వైపు తిరిగి "777 ఎవరు పెట్టినారు?" అన్నాడు. 777 అంటే ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని పర్మిషన్. ఎవరు పెట్టింటారు, మేనల్లుడే. ఎక్కడో చదివినాడంట పర్మిషన్లు అన్నీ ఇచ్చేస్తే నడుస్తాదని. షేర్డ్ హోస్టింగులో, అంటే ఒకే సర్వర్ని చాలామంది పంచుకునే దాంట్లో, స్క్రిప్టుని మన అకౌంట్ పేరు మీద నడిపేది ఈ సూఎగ్జెక్, ఎవరైనా మార్చగలిగే ఫైల్ అయితే అది అసలు ముట్టుకోదు, ఇంకా పెర్ల్ దాకా పోకముందే వెనక్కి పంపించేస్తాది. ఫైల్‌కీ ఫోల్డర్‌కీ రెండిటికీ 755 పెట్టినాడు. అంటే ఓనరు రాసుకోవచ్చు, మిగతావాళ్ళు చదవొచ్చు, నడపొచ్చు, అంతే.

రీఫ్రెష్ కొట్టినాడు, మళ్ళీ 500. నాకు గుండె జారింది. ఆయన మాత్రం మంచిదే, లాగ్ మారింది చూడు అన్నాడు. ఇప్పుడు నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అని ఉంది. ఫైల్ కళ్ళ ముందే ఉంది కదన్నా అన్నా. ఉంది, కానీ అది లేదంటాండేది మన ఫైల్ గురించి కాదంట. స్క్రిప్టు మొదటి లైన్లో హాష్, ఆశ్చర్యార్థకం పెట్టి స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ పెర్ల్ అని ఉంటాది, ఈ స్క్రిప్టుని నడిపేవాడు ఈ అడ్రసులో ఉంటాడు అని. ఆ అడ్రసులో పెర్ల్ ఉండాదా లేదా అని సర్వర్లో చూసినాడు, ఉంది. మరి? అన్న ఒక కమాండ్ కొట్టి ఆ ఫైల్లో కంటికి కనపడని గుర్తులు కూడా కనపడేట్టు చేసి చూపించినాడు. ప్రతి లైన్ చివరా టోపీ గుర్తు పెట్టి ఎం అని ఉంది. పెర్ల్ అనే మాట పక్కన కూడా అదే. అంటే సర్వర్ వెతుకుతాండేది పెర్ల్ కోసం కాదు, తోక ఉన్న పెర్ల్ కోసం. అట్లాంటోడు లోకంలో ఎవరూ లేడు.

ఇది ఎట్లా వచ్చిందో ఆయన చెప్పకుండానే నాకు తగిలింది. మా మండీలో కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ 7. మేనల్లుడు ఫైల్‌ని దించుకోని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా ఒకే పొడుగు లైన్లా కలిసిపోయి కనపడింది, అందుకని వర్డ్‌ప్యాడ్‌లో తెరిచినాడు, అక్కడ చక్కగా కనపడింది, సేవ్ కొట్టినాడు. విండోస్ లైన్ చివర రెండు గుర్తులు పెడతాది, లినక్స్ ఒకటే పెడతాది, వర్డ్‌ప్యాడ్ సేవ్ చేసేటప్పుడు ప్రతి లైనుకీ ఆ రెండో గుర్తు తగిలించేసింది. విచిత్రం ఏందంటే సర్వర్లో పెర్ల్ అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇచ్చి నడిపితే ఈ తప్పు బయటపడదు, మనమే పెర్ల్‌ని పిలిచినాం కాబట్టి ఆ మొదటి లైన్ అడ్రసుతో దానికి పని లేదు. వెబ్ సర్వర్ నేరుగా ఫైల్‌ని నడుపుతాది కాబట్టి అక్కడ చస్తాది. నా దగ్గర నడుస్తాంది వెబ్‌లో నడవడంలేదు అనే కేసుల్లో ఇది జాస్తి అన్నాడు. ఒక కమాండ్‌తో ఆ తోకలన్నీ కోసేసినాడు.

మళ్ళీ 500. లాగ్ మళ్ళీ మారింది. ఈసారి కాంట్ లొకేట్ సీజీఐ డాట్ పీఎం. ఇదీ అసలు రోగం, మొదటి రోజు వచ్చింది ఇదే, ఆ పైన రెండూ మేము మందు వేసి తెచ్చుకున్నవి. ఫారంలో కొట్టింది స్క్రిప్టుకి అందించే మాడ్యూల్ అంట సీజీఐ అనేది, ఒకప్పుడు పెర్ల్‌తో పాటే వచ్చేది, 2015లో వచ్చిన 5.22 వెర్షన్ నుంచి పెర్ల్‌తో ఇవ్వడం మానేసినారు, కావాలంటే విడిగా వేసుకోవాలి. కొత్త సర్వర్లో కొత్త పెర్ల్, మాడ్యూల్ లేదు. స్క్రిప్టులో ఒక్క అక్షరం మారకపోయినా ఆగిపోయింది దీనివల్లే.

ఇక్కడ అన్న చేసిన పని నాకు భలే నచ్చింది. ఆయన సొంతంగా వేయడానికి చూడలా, హోస్టింగ్ వాళ్ళకి నా పేరు మీదే టికెట్, అంటే కంప్లైంటు, రాసినాడు. మూడే మూడు లైన్లు: మీ సర్వర్లో పెర్ల్ వెర్షన్ ఇది, లాగ్‌లో లైన్ ఇది, పూర్తి లైన్ టైంతో సహా, సీజీఐ మాడ్యూల్ వేయండి. నేను మూడు రోజులు మీ సర్వర్ వల్లే ఆగిపోయింది మా రైతులు తిడతాండారు అని పేజీలు పేజీలు రాస్తే ప్రతిసారీ అదే జవాబు పెట్టినోళ్ళు, దీనికి గంటలో వేసేసినాం అని జవాబిచ్చినారు. ఆ గంటలో నేను కిందికి దిగి కారం దోసె తినొచ్చినా, అన్న రాలా, కడుపు బాలేదంట.

తర్వాత ఇంకోటి. మా స్క్రిప్టు రేట్లు, కమీషన్ లెక్కలు ఉండే ఇంకో చిన్న ఫైల్‌ని పక్క నుంచి తెచ్చుకుంటాది. ఇప్పుడు అది దొరకడంలేదు అంటాంది. అదే ఫోల్డర్లో పక్కనే ఉంది! పాత పెర్ల్ అయితే తాను నడుస్తాండే ఫోల్డర్లో కూడా వెతికేది, 2017లో 5.26 వచ్చినప్పుడు సెక్యూరిటీ కోసమని అది తీసేసినారు, ఎవడైనా అదే పేరుతో దొంగ ఫైల్ పెడితే అది నడిచిపోతాదని. ఆ ఫైల్ ఉండే దారి మొత్తం మొదటి నుంచి చివరి దాకా రాసేసినాడు, సరిపోయింది. పెర్ల్ మైనస్ సీ అని ఒక కమాండ్ ఉందంట, స్క్రిప్టుని నడపకుండా తప్పులు చూసేది, నేను చూస్తా ఉండగానే కొట్టి చూపించినాడు, దారి రాయకముందు కూడా సింటాక్స్ ఓకే అనే వచ్చింది. ఈ చిన్న ఫైల్ తెచ్చుకునేది నడిచేటప్పుడు కాబట్టి దానికి తెలీదు. ఓకే అని వచ్చింది కదా అని మేనల్లుడు మూడు రోజులు స్క్రిప్టులో తప్పులేదు, సర్వర్‌దే తప్పు అని వాదించింది దీన్ని చూసే అయ్యుండాలి, ఇంటికిపోయి అడిగితే వాడికి ఆ కమాండే తెలీదన్నాడు, మరి ఎట్లా వాదించినాడో.

ఇంక అయిపోయింది అనుకున్నా. మళ్ళీ 500. లాగ్‌లో మాల్‌ఫార్మ్‌డ్ హెడర్ అని, దాని పక్కన బ్యాడ్ హెడర్ అని పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో "ఇక్కడికి వచ్చింది" అని ఉంది. అన్న ఒక్క నిమిషం చూసి పగలబడి నవ్వినాడు, ఆ రోజంతా ఆయన నవ్వింది అప్పుడే. స్క్రిప్టు ఎంతదాకా నడుస్తాందో తెలుసుకోడానికి మేనల్లుడు మధ్యలో పెట్టిన ప్రింట్ లైన్ అది. పెట్టడం తప్పు కాదంట, అందరూ చేసేదే, కానీ సీజీఐ పద్ధతిలో, అంటే వెబ్ సర్వర్ స్క్రిప్టుని నడిపి దాని జవాబుని బ్రౌజర్‌కి పంపే పద్ధతిలో, అన్నిటికంటే ముందు కంటెంట్ టైప్ అనే లైను పోవాలి, దాని తర్వాత ఒక ఖాళీ లైను, ఆ తర్వాతే ఏదైనా. దానికి ముందు ఒక్క అక్షరం బయటికి వచ్చినా సర్వర్ అదే హెడర్ అనుకోని కొట్టేస్తాది. అట్లా చూసుకోవాలంటే ఎర్రర్ లాగ్‌లోకి పంపించు, బ్రౌజర్లోకి కాదు అన్నాడు. ఆ లైన్ తీసేసి రీఫ్రెష్ కొట్టినాడు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, స్లిప్పు నంబరు అని డబ్బా. నేను కుర్చీలో అట్లే ఉండిపోయినా కొంచెంసేపు.

పదకొండుకు పోయినోడిని నాలుగు దాటినాక లేచినా. తీసుకుంది 1200. పోయేటప్పుడు జెరాక్స్ కాగితం వెనక్కి తిప్పి, ఏం మార్చినాడో, ఏ ఫైల్లో, ఎందుకు, అన్నీ తెలుగులో రాసిచ్చినాడు, పాత ఫైళ్ళ కాపీ ఒక ఫోల్డర్లో వేరేగా పెట్టినాడు. అడగకుండానే ఇంకో మాట కూడా రాసినాడు కింద: ఎర్రర్లు బ్రౌజర్లోనే చూపించే పద్ధతి ఒకటి ఉంది, సీజీఐ కార్ప్ అని, వెతికేటప్పుడు పెట్టుకో, పని కాగానే తీసేయ్, మీ ఫోల్డర్ల పేర్లు ఊరందరికీ చూపించొద్దు. నేను వేరే వాళ్ళ దగ్గర పనులు చేయించుకున్నా, ఏం చేసినారంటే సెట్ చేసినాం సార్ అంటారు, అంతే.

సరే ఇప్పుడు ఆ పట్టుకున్న స్టారు సంగతి. ఫోన్ ఎత్తడు. పది సార్లు చేస్తే ఒకసారి ఎత్తి ఎర్రర్ ఏముంది అంటాడు, లాగ్ లైన్ లేకుండా 500 వస్తాంది అని చెప్తే పెట్టేస్తాడు. వాయిస్ మెసేజ్ వినడు. ఆయన తిండి తింటాడో లేదో తెలీదు గానీ కొన్నిసార్లు మధ్యాహ్నం తలుపు మూసేసి ఉంటాది, ఎప్పుడు తెరుస్తాడో జెరాక్స్ అక్కకి కూడా తెలీదు. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకి అది కష్టం. తిడతాడు కూడా, మరీ ఘోరంగా కాదు గానీ ఇంకోసారి మేనల్లుడిని తీసుకుపోతే వాడిని ఆ 777 గురించి పావుగంట నిలబెట్టి అడిగినాడు, వాడు ఏడుపు మొహం పెట్టినాడు. కొత్త వెబ్‌సైట్లు చేయడు, డిజైన్లు చేయడు, వర్డ్‌ప్రెస్ అంటే కిందికి పంపించేస్తాడు. బిల్లు కావాలంటే తెల్ల కాగితమే.

తిరపతిలో ఉండేవాళ్ళకి ఒకటి చెప్తా, పోయే ముందు బ్రౌజర్లో ఏం కనపడతాందో సరిగ్గా చూసుకోని పోండి, నేను వింటా ఉండగానే అన్న ఇంకొకాయనకి ఫోన్లో చెప్పినాడు ఇది. కోడ్ మొత్తం అట్లే తెర మీద కనపడితే సర్వర్ దాన్ని ప్రోగ్రాం అనుకోవడంలేదు, దాన్ని నడిపించమని చెప్పే సెట్టింగు, హ్యాండ్లర్ అంటారు, అది పెట్టలేదు అని. 403 వస్తే ఆ ఫోల్డర్లో సీజీఐ నడపడానికి ఒప్పుకోలేదు, లేదంటే పర్మిషన్ తక్కువ. 404 అయితే ఫైల్ వేరే చోట పడింది. ఈ మూడింటికీ స్క్రిప్టు లోపల ఏమీ ముట్టుకోవాల్సిన పని లేదు.

రెండు వారాలకి బెంగుళూరా జోరు కొంచెం తగ్గినాక తిరపతిలో పని ఉండి ఒక క్రేటు నీలం రకం మామిడికాయలు తీసుకోని పోయినా, మాట వరసకి స్లిప్పు కూడా కొట్టించినా, 20 కిలోలు, పదింటికి. పైకి పోయి ఫోన్లో చూపించినా, చూడన్నా నీ కాయలకి కూడా స్లిప్పు అని. కాయల వైపు చూడలా. ఫోన్ తీసుకోని, "తెల్లార్తో నాలుగున్నరకి కాటా వేసినావా సామీ?" అన్నాడు. లేదే, పదింటికి అన్నా. స్లిప్పు మీద నాలుగున్నర అని ఉంది. కొత్త సర్వర్ గడియారం మన టైంలో లేదు, ఐదున్నర గంటలు వెనక నడుస్తాంది. అప్పుడు వెలిగింది నాకు, ఈ రెండు వారాల్లో తెల్లారకముందు వచ్చిన ట్రాక్టర్ల వాళ్ళు ఇద్దరు ముగ్గురు నిన్నటి తేదీ వేసి నిన్నటి రేటు కట్టినారని గుమాస్తాతో తగువు పెట్టుకున్నారు, మేము గుమాస్తానే తిట్టినాం నిద్రమొహం అని. ఐదున్నర లోపల కాటా వేస్తే స్లిప్పులో ముందురోజు తేదీ పడుతుంది మరి.

అన్న క్రేటుని కాలితో పక్కకి జరిపి కుర్చీ లాక్కున్నాడు. స్క్రిప్టు పైన ఒక లైన్ రాసినాడు, ఆసియా కోల్‌కతా అని, అది మన టైం జోన్ పేరు. రెండు నిమిషాలు కూడా పట్టలా. దానికి వంద రూపాయలు తీసుకున్నాడు, కాయలు కూడా తీసుకున్నాడు.